నీరసానికి సెలైన్ మందా? పగటి అలసటపై అపోహలు - వాస్తవాలు

"నీరసంగా ఉంటోంది" అని వచ్చేవాళ్లను ముందు అడగాల్సింది ఒకటే: కూర్చుంటే కునుకు పడుతోందా, నిద్ర రాకపోయినా ఒళ్లు బరువుగా ఉంటోందా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? కునుకైతే నిద్రనూ వాడే మందులనూ చూస్తాం (కునుకు రావడానికి జలుబుకు వాడే సెట్రిజిన్ కూడా చాలు). ఒళ్లు బరువైతే థైరాయిడ్, షుగర్, బి12, డిప్రెషన్. ఆయాసమైతే మొదట రక్తహీనత, తర్వాత గుండె.

అపోహ: ఒక బాటిల్ ఎక్కిస్తే ఓపిక వస్తుంది.

వాస్తవం: 500 ఎం.ఎల్. నార్మల్ సెలైన్‌లో ఉండేది నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. శక్తి సున్నా. 5 శాతం గ్లూకోజ్ బాటిల్‌లో 25 గ్రాముల గ్లూకోజ్, అంటే ఐదారు చెంచాల చక్కెరంత. గల్లీ క్లినిక్‌లో ఆ పసుపురంగు బాటిల్‌కున్న గౌరవం మామూలుది కాదు గానీ, ఆ రంగు అందులో కలిపిన విటమిన్లది. ఒంటికి అక్కర్లేని బి విటమిన్లు ఆ పూటే మూత్రంలో పచ్చగా పోతాయి. వాంతులు, విరేచనాలై నోటితో ఏమీ తాగలేనప్పుడు సెలైన్ ప్రాణం నిలుపుతుంది. మిగతావాళ్లకు తేరుకున్నట్టు అనిపించడానికి కారణం చాలావరకు గంటసేపు కదలకుండా పడుకోవడమే. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు దీనివల్ల ఆయాసం ముదరొచ్చు.

అపోహ: హిమోగ్లోబిన్ 12 ఉంది, ఐరన్ లోపం లేనట్టే.

వాస్తవం: ఒంట్లో ముందు ఖాళీ అయ్యేది ఐరన్ నిల్వ, హిమోగ్లోబిన్ పడిపోయేది ఆ తర్వాతే. నిల్వను చూపేది ఫెరిటిన్ పరీక్ష. మిల్లీలీటరుకు 15 నానోగ్రాములకంటే తగ్గితే లోపం ఖాయం. 30 లోపున్నా చాలామంది డాక్టర్లు మందు మొదలుపెడతారు. జ్వరంలో ఫెరిటిన్ పెరుగుతుంది కాబట్టి అప్పుడు చేయిస్తే లోపం దాగిపోవచ్చు.

ఐరన్ మాత్ర రోజుకొకటి, కడుపులో తిప్పితే రోజు విడిచి రోజు. నిమ్మరసంతోనో జామపండుతోనో వేసుకుంటే బాగా ఒంటికి పడుతుంది. ఇరానీ చాయ్‌కీ మాత్రకూ రెండు గంటల ఎడం ఉండాలి, టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుంటాయి. కాల్షియం మాత్ర వేరే పూట. మలం నల్లబడితే కంగారొద్దు. చాలామంది చేసే పొరపాటు, హిమోగ్లోబిన్ పెరగ్గానే ఆపేయడం. నిల్వ నిండాలంటే ఇంకో మూడు నెలలు వాడాలి. ఇక బీట్‌రూట్ ఎరుపుకూ రక్తానికీ చుట్టరికం లేదు, 100 గ్రాముల్లో ఐరన్ ఒక మిల్లీగ్రామైనా ఉండదు.

మగవాళ్లలో, నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఐరన్ తగ్గితే మాత్రలతో సరిపెట్టకూడదు. కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో వెతకాలి.

అపోహ: గురక పెడుతున్నారంటే గాఢనిద్రలో ఉన్నట్టే.

వాస్తవం: గురక మధ్యలో ఆగి, ఒక్కసారిగా గుటకేసినట్టు ఊపిరి తీసుకుంటే అది స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) కావచ్చు. పొద్దున తలనొప్పి, నోరెండిపోవడం, మందులకు లొంగని బీపీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకుని తూగడం దాని గుర్తులు. సన్నగా ఉన్నవాళ్లకూ రావచ్చు. నిద్ర పరీక్ష చేయించాలి. మద్యం, నిద్రమాత్రలు దీన్ని ముదరబెడతాయి.

గచ్చిబౌలి, మాదాపూర్ రాత్రి షిఫ్టుల వాళ్లకు చిక్కు వేరు. కెఫీన్ సగం కరగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి తాగిన కాఫీలో సగం, తొమ్మిదింటికి పక్కెక్కేసరికి ఒంట్లోనే ఉంటుంది. చివరి కప్పు షిఫ్టు సగంలోపే ముగించాలి, గదికి మందపాటి కర్టెన్లు వేయాలి.

అపోహ: విటమిన్ డి సాషేలు ఎన్ని తాగితే అంత బలం.

వాస్తవం: 60,000 యూనిట్ల సాషే సాధారణంగా వారానికొకటి, ఎనిమిది వారాలు. రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, కిడ్నీ సమస్యలు వస్తాయి. బి12 మాత్రం శాకాహారులు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) లేదా గ్యాస్ మాత్రలు వాడేవాళ్లు తప్పక చూపించుకోవాలి, అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే మరీ.

ప్యాకేజీల జోలికి పోకుండా మొదట సీబీపీ (రక్తకణాల పరీక్ష), ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, బి12, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చాలు. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే టీబీ పరీక్ష కూడా. జుట్టుకోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే రక్తమిచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపండి, థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు.