నింజాగో పక్కన ప్యారిస్ హోటలా? తాతయ్య తీర్పు

చిరంజీవి కిట్టుకి, చిరంజీవి చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

ఫోటోలు అందాయి. ఫోన్లో మీ పోట్లాట కూడా వినబడింది. మీరు లెగో ఇటుకలతో కడుతున్న బొమ్మల ఊళ్ళో, నాన్న పెళ్ళయిన కొత్తలో కొనుక్కుని ఇన్నాళ్ళూ దాచుకున్న ప్యారిసియన్ రెస్టారెంట్ పక్కన నింజాల కథల నింజాగో నగరం పెట్టాలని కిట్టు. పెడితే ఊరంతా పాడైపోతుందని చిన్ని. ఎటూ తేలక పోలీస్ స్టేషన్ మంచం కింద పడి ఉందని అమ్మ. మున్సిపాలిటీలో ముప్పై నాలుగేళ్ళు ఇళ్ళ ప్లాన్లు చూసినవాణ్ణి, ఈ ఒక్క తగువు తీర్చలేకపోతే నా పెన్షన్ దండగ.

ముందు తీర్పు చెప్పేస్తాను. పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఇళ్ళు ఒకేలా ఉండక్కర్లేదు. కిట్టు గెలిచాడు. కానీ వాటి ముందున్న వీధి మాత్రం ఒక్కటే అనిపించాలి. మీ ఫోటోలో అలా లేదు. చిన్ని గెలిచింది.

హైదరాబాద్ వచ్చినప్పుడు మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీమ్ తిన్నాం, గుర్తుందా? 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్‌కి గడియారం గోపురం ఉంది. చుట్టూ ఆ తరవాత లేచిన సిమెంటు భవనాలు, ఇనప షట్టర్ల దుకాణాలు, కరెంటు తీగలు. రాతికీ సిమెంటుకీ పోలికే లేదు. అయినా అక్కడ నిలబడి ఎవరూ ‘ఇవి రెండు ఊళ్ళు’ అనరు. రోడ్లన్నీ వచ్చి ఒకచోట కలుస్తాయి, ఒకే పేవ్‌మెంట్ మీద నడుస్తాం. మీరు చేయాల్సిందీ అదే.

అసలు ఇంత వేరువేరు బొమ్మలు ఒకదానికొకటి ఎలా అతుక్కుంటున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే ఊరి లెగో కంపెనీ 1958లో ఈ ఇటుకకి పేటెంట్ తీసుకుంది. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకకి అతుకుతుంది. ఇటుక పైన గుండ్రటి బుడిపెలు ఉంటాయే, ఒక బుడిపె నడుమ నుంచి పక్క బుడిపె నడుమకి 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6, పల్చటి ప్లేట్ ఎత్తు 3.2. అంటే మూడు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే ఒక ఇటుక. ఈ మూడు అంకెలు గోడ మీద రాసిపెట్టుకోండి, మిగతా లెక్కంతా వీటిలోంచే వస్తుంది. (పెన్సిల్‌తో రాయండి. అమ్మ నన్ను అంటుంది.)

నాన్న రెస్టారెంట్ 2014లో వచ్చింది, 2,469 ముక్కలు. అది మాడ్యులర్ బిల్డింగ్స్ అనే వరసలోది. ఆ వరస 2007లో కెఫే కార్నర్‌తో మొదలైంది. వాళ్ళ ఉద్దేశమే వీధి కట్టడం. అడుగున బేస్‌ప్లేట్, అంటే భవనం మొత్తాన్ని మోసే పల్చటి చదరపు పలక, ఒక్కో వైపు 32 బుడిపెలు, 25.6 సెంటీమీటర్లు. అంచుల్లో చిల్లులున్న ఇటుకలు ఉంటాయి, చిన్న పిన్ను దూర్చితే పక్క భవనానికి తగులుకుంటుంది. అంతస్తులు మూతల్లా ఊడివస్తాయి. పక్క గోడలు బోసిగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ ఇంకో ఇల్లు వచ్చి ఆనుకుంటుందని ముందే అనుకున్నారు. మన పాత బజారు వీధుల్లో ఉమ్మడి గోడల ఇళ్ళు ఉంటాయే, అలాగ. ఇంకో సంగతి, ఆ రెస్టారెంట్ ముందు గోడ మీద తెల్లటి నగిషీ ఉంటుంది, దగ్గరికెళ్ళి చూడండి. అందులో క్రాసాంట్లు ఉన్నాయి! తినే రొట్టె ముక్కని తెల్లరంగులో చేసి గోడకి అతికించారు. నాకు అన్నిటికంటే అదే నచ్చింది.

మీ పోలీస్ స్టేషన్ లాంటి, లెగో సిటీ అనే వరస సెట్ల దారి వేరు. అవి ఆడుకోవడానికి చేసినవి. గోడలు తక్కువ, వెనక భాగం తెరిచే ఉంటుంది, చెయ్యి లోపలికి పోవాలి కదా. అంత పెద్ద బేస్‌ప్లేట్ కూడా చాలావాటికి ఉండదు. పోలీస్ స్టేషన్‌ని రెస్టారెంట్ పక్కన పెడితే బక్కపల్చగా, సగం కట్టి వదిలేసినట్టు కనబడేది అందుకే.

ఇక 2017లో వచ్చిన నింజాగో నగరం. 4,867 ముక్కలు, అదీ 32 బుడిపెల బేస్ మీదే. కొలత సరిపోయింది కదా అని కిట్టు వాదన. కానీ ఒక్కటి గమనించలేదురా నువ్వు. దాని అడుగున ఉన్నది నేల కాదు, నీళ్ళు. మనుషులు తిరిగే వీధి దాని మీద చాలా ఇటుకల ఎత్తున ఉంది. రెస్టారెంట్ గుమ్మంలోంచి బయటికొచ్చిన మనిషి పక్కకి అడుగేస్తే నీళ్ళలో పడతాడు. చిన్నికి ‘ఏదో బాలేదు’ అనిపించింది రంగుల వల్ల కాదు, ఇందువల్ల.

కాబట్టి నీళ్ళని ఊళ్ళోకి తీసుకురండి. బల్ల చివర, కిటికీ వైపు, నింజాగోని పెట్టండి. దానికీ రెస్టారెంట్‌కీ నడుమ ఎనిమిది బుడిపెల వెడల్పున ఒక కాలవ వదలండి. నీలం టైల్స్ (బుడిపెలు లేని నున్నటి ముక్కలు) లేకపోతే నీలం కాగితం చాలు. రెస్టారెంట్ పేవ్‌మెంట్ నుంచి నింజాగో వీధికి ఎక్కేలా వంతెన కట్టండి, మెట్లు పెట్టండి. అప్పుడు చూసేవాళ్ళు ‘ఓహో, కాలవకి అవతల వేరే పేట’ అనుకుంటారు. వేరే పేట అంటే వేరే రకం ఇళ్ళు ఉంటాయని ఎవరికైనా తెలుసు, ఎవరూ అడగరు.

రోడ్డు సంగతి చెప్పకపోతే నా ఉద్యోగానికి అన్యాయం చేసినట్టు. మీ దగ్గర ఉన్నవి 2021లో వచ్చిన కొత్తరకం రోడ్డు పలకలు, 16 బుడిపెలవి. వాటి మందం రెండు ప్లేట్లు, 6.4 మిల్లీమీటర్లు. పాత రోడ్లు పల్చటి బేస్‌ప్లేట్ మీద బొమ్మ వేసినవి. రెస్టారెంట్ బేస్‌ప్లేట్ కూడా పల్చనిదే, దాని మీద ఒక్క టైల్ పరిచి పేవ్‌మెంట్ చేశారు. అందుకని ఇప్పుడు మీ ఊళ్ళో పేవ్‌మెంట్ కంటే రోడ్డు ఎత్తుగా ఉంది! నవ్వొచ్చింది నాకు. మా ఊళ్ళో ఏటా పాత రోడ్డు మీదే కొత్త తారు పోసి పోసి, చివరికి ఇళ్ళ గడపలు రోడ్డుకి దిగువకి పోయాయి. వానొస్తే నీళ్ళన్నీ వంటింట్లోకి. దాని మీద ఎన్ని అర్జీలు చదివానో. ఇప్పుడు మనవళ్ళ బొమ్మల ఊళ్ళోనూ అదే.

భవనాన్ని కొంచెం పైకి లేపాలి. బేస్‌ప్లేట్ అడుగు నున్నగా ఉంటుంది, కింద నుంచి ఇటుక పట్టదు. కొంతమంది ఊరంతా ఇటుకల దిమ్మెల మీద కట్టుకుంటారు. కింద బేస్‌ప్లేట్, దాని మీద ఒక వరస ఇటుకలు, ఆ పైన ప్లేట్లు పరిచి అసలు నేల. అందంగా ఉంటుంది, కాలవ తవ్వుకోవచ్చు, తీగలు దాచుకోవచ్చు. కానీ ఇటుకలు బోలెడు కావాలి, నాన్న జేబు ఒప్పుకోదు. మీరు దళసరి అట్టముక్కలు కత్తిరించి బేస్‌ప్లేట్ కింద పెట్టండి. పేవ్‌మెంట్ రోడ్డు కంటే ఒక్క ప్లేట్ ఎత్తుగా వచ్చేదాకా అట్టలు పేర్చండి. ఇటుకలు తప్ప ఇంకేదీ వాడకూడదనే నిష్ఠాపరులు ఉంటారు. నాకు ఆ నిష్ఠ లేదు.

అట్టల పనికి ముందు పోలీస్ స్టేషన్‌ని మంచం కింద నుంచి బయటికి తేవాలి. దాన్ని రెస్టారెంట్‌కి రెండో పక్క, గోడకి వీపు ఆనించి పెట్టండి. వెనక తెరిచిన సంగతి ఎవరికీ కనబడదు. దాని ముఖం, రెస్టారెంట్ ముఖం ఒకే గీత మీదికి రావాలి. రెస్టారెంట్ ముందు పేవ్‌మెంట్ ఎన్ని బుడిపెలుందో లెక్కపెట్టి, స్టేషన్ ముందూ అన్నే వదలండి. అదే రంగు టైల్స్. రెండింటి ముందూ ఒకే రకం దీపస్తంభం, ఒకే రకం చెట్టు. నా మాట నమ్మండి, సగం పని పేవ్‌మెంట్ చేసేస్తుంది.

స్టేషన్ పొట్టిది కాబట్టి రెస్టారెంట్ పక్క గోడ బోసిగా బయటపడుతుంది. దాన్ని దాచకండి. మన ఊళ్ళలో అలాంటి గోడని వదులుతారా? సిమెంటు ప్రకటనో, పళ్ళపొడి ప్రకటనో రాసేస్తారు. చిన్ని బొమ్మలు బాగా వేస్తుంది, కాగితం మీద వేసి అతికించమనండి. లేదంటే మీ సొంత ముక్కలతో సన్నటి ఇల్లొకటి, ఎనిమిది బుడిపెల వెడల్పుది, మధ్యలో కట్టండి. రంగు స్టేషన్ నుంచి, కిటికీల వరస రెస్టారెంట్ నుంచి తీసుకోండి. ఎత్తు రెండిటికీ నడుమ. మెట్ల మీద మెట్టులా చూపు దిగుతుంది.

ఎత్తులు సరిపోయాయో లేదో చూడడానికి స్కేలు అక్కర్లేదు, తలుపు చాలు. చాలా సెట్లలో వాడే తలుపు చట్రం ఒకటే, ఆరు ఇటుకల ఎత్తు. బొమ్మ మనిషి సుమారు నాలుగు సెంటీమీటర్లు. ప్యారిస్ హోటలైనా, స్టేషనైనా, ఆ తలుపులోంచి ఒకే మనిషి దూరగలిగితే అవి ఒకే ఊరివి. అందుకే మీ అత్త ఇచ్చిన తాజ్‌మహల్ వీధిలో పెట్టొద్దంటున్నాను. 2021లో వచ్చిన ఆ చిన్న తాజ్ 2,022 ముక్కలతో చక్కగా చేశారు గానీ, దాని గుమ్మంలో మీ పోలీసు బూటు కూడా పట్టదు. పార్కు మధ్యలో దిమ్మె కట్టి దాని మీద పెట్టండి, నమూనా విగ్రహంలా. చుట్టూ మనుషులు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నట్టు. అప్పుడు అది చిన్నగా ఉండడమే సబబు.

రంగుల గురించి చిన్ని అడిగింది. నాకు పెద్ద పట్టింపు లేదు. ఒక్కటే, నింజాగోలో ఉన్న ఎరుపు ఎక్కడో ఒకచోట కాలవకి ఇవతల కూడా కనబడనివ్వండి, ఒక గొడుగో, ఒక గుమ్మమో. అవతలి పేటవాడు ఇవతల దుకాణం పెట్టుకున్నాడనుకోండి.

అన్నీ సర్దాక ఫోటో పైనుంచి తీయకండి. పైనుంచి చూస్తే ఏ ఊరైనా ప్లాన్ కాగితంలాగే ఉంటుంది, అవి నేను చాలా చూశాను. ఫోన్‌ని రోడ్డు పలక మీద పడుకోబెట్టి, బొమ్మ మనిషి కళ్ళ ఎత్తునుంచి తీయండి. వంతెన ఎక్కుతున్నవాడు ఒకడు, పేవ్‌మెంట్ మీద ఒకడు కనబడాలి. గోడ మీద ఏ ప్రకటన రాశారో నాకు చదవడానికి వీలుగా దగ్గర్నుంచి ఇంకోటి.

మీ అమ్మమ్మ వంతెన మీద మొక్కజొన్న కంకులు కాల్చేవాడి బండి ఉండాలంటోంది. ఎలా చేస్తారో మీ ఇష్టం.

మీ
తాతయ్య