అడవి ఉత్త తిత్తి

కడప జిల్లాలో శ్రీలంకమల కొండల అంచున, ముళ్లపొదల్లో, ఇరవై ఏళ్ల కిందట కొందరు పరిశోధకులు చూసేవాళ్లకు వింతగా తోచే పని ఒకటి చేశారు. మట్టిని జల్లించి, పొదల మధ్య ఖాళీల్లో పట్టీలుగా పరిచేవారు. రాత్రికి దాన్నలాగే వదిలేసి, తెల్లారాక వచ్చి వంగి చూసేవారు. మేక గిట్టలు, నక్క అడుగులు, కౌజు పిట్టల కాళ్లు కనబడేవి. వాళ్లు వెతుకుతున్నది మాత్రం ముందుకు మూడు వేళ్లున్న ఓ చిన్న ముద్ర. తీతువు కాలుతో పొరబడకుండా దాన్ని పోల్చుకోగలిగితే, రాత్రి అటుగా కలివికోడి అనే అరుదైన పిట్ట నడిచిందన్నమాట.

పేరులో కోడి ఉన్నా కోళ్లతో దీనికి చుట్టరికం లేదు. జానెడుకు కాస్త మించిన ఒళ్లు, ఎదమీద రెండు పట్టెలు, చీకటికి సరిపడా పెద్ద కళ్లు. పగలంతా పొదల నీడన కదలకుండా ఉండి, పొద్దుగూకాక నేలమీద పరుగులు తీస్తూ పురుగుల్ని ఏరుకుంటుంది. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్ సేకరించిన నమూనాను చూసి, 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. జెర్డాన్ దీని తెలుగు పేరును ‘అడవి ఉత్త తిత్తి’ అని వినబడేలా రాసుకుని, అడవి ఖాళీ సంచి అని అర్థం చెప్పాడు. ఎవరో పిట్ట కూతను బట్టి పెట్టిన పేరు చెబితే, దొరగారు దాన్ని సంచీ అనుకున్నారేమోనని నాకో అనుమానం. తీతువుకు ఆ పేరు కూత వల్లే కదా వచ్చింది!

1900లో అనంతపురం దగ్గర కనిపించాక ఈ పిట్ట జాడ పోయింది. అంతరించిందనే చాలామంది అనుకున్నారు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ దాని బొమ్మ పట్టుకుని ఊరూరా అడుగుతూ తిరిగాడు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర పిట్టలు పట్టే ఓ స్థానికుడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ల వెతుకులాట అక్కడ ముగిసింది. పట్టుకున్న ఆ పిట్ట ఎక్కువకాలం బతకలేదు. చుట్టుపక్కల అడవిని 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు.

ఇక మట్టి పట్టీల దగ్గరికి వద్దాం. పాదముద్రలు ఎక్కడెక్కడ పడ్డాయో గుర్తించి, ఆ చుట్టుపక్కల పొదల్ని లెక్కపెట్టారు. రెండు మీటర్లకు మించి ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, అంతకన్నా చిన్నవి వెయ్యి లోపు ఉన్నచోట కలివికోడి ఉండే అవకాశం ఎక్కువని తేలింది. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. పరిగెత్తే పిట్టకు ఖాళీ నేల కావాలి, దాక్కోవడానికి పొద కావాలి. పొదలు చిక్కబడితే కాలు సాగదు, మరీ పలచబడితే తల దాచుకోను చోటుండదు.

ఇదే నేల కాగితం మీద మరోలా ఉంటుంది. శిస్తు ఇవ్వని నేలకు రెవెన్యూ లెక్కల్లో ఎప్పటినుంచో బీడు, బంజరు అనే పేర్లే దక్కాయి. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల సాయంతో తయారుచేసే బంజరు భూముల అట్లాస్‌లో ‘దట్టమైన పొదలున్న నేల’, ‘పలచని పొదలున్న నేల’ అని రెండు తరగతులున్నాయి. కలివికోడి కోరుకునే ఇల్లు ఆ పట్టికలో ఉండనే ఉంది, బంజరు అన్న శీర్షిక కింద! కొలతలో పొరపాటేమీ లేదు. పొదలు ఉన్నమాట నిజం, అవి పలచగా ఉన్నమాటా నిజం. పేచీ అంతా శీర్షికతోనే.

రాయలసీమ పల్లెల్లో ఈ నేలను ఖాళీ అనేవాళ్లు తక్కువ. మేకలు మేసేది అక్కడే. పొయ్యిలోకి కట్టె, రేగుపళ్లు, కలివిపళ్లు, చీపురుపుల్ల అక్కడినుంచే వస్తాయి. వీటిలో దేనికీ రసీదు ఉండదు కాబట్టి ఏ లెక్కలోకీ ఎక్కవు. రసీదు లేని సంపదను చెరిపేయడానికి పెద్ద వాదన అవసరం పడదు. బంజరును బాగుచేస్తున్నామంటే చాలు, కాదనేవాడు ఉండడు. చదునుచేసి నిమ్మతోట వేస్తే అభివృద్ధి, గుంతలు తీసి మొక్కలు నాటితే పచ్చదనం. ఆ రెండోదే నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది. తోట వేసినవాడు తన లాభం కోసం వేశానని ఒప్పుకుంటాడు. ముళ్లపొదలు కొట్టి వరసగా చెట్లు నాటినవాళ్లు అడవికి మేలు చేశామనే నమ్మకంతో ఇంటికి వెళ్తారు. పొదల మధ్య ఎండ పడే ఖాళీలు మూసుకుపోతే కలివికోడికి అది అడవి కాదు, గోడ.

కృష్ణా నీళ్లను చెన్నైకి చేర్చే తెలుగుగంగ దారి కడప జిల్లా మీదుగానే పోతుంది. 2005లో కాలువ పనుల యంత్రాలు అభయారణ్యంలోకి దిగి, కలివికోడి తిరిగే పొదల్ని పెకలించాయి. అటవీశాఖ, పక్షి శాస్త్రవేత్తలు అడ్డుపడ్డాక కాలువ దారి మార్చారు. నీళ్లు ఎదురుచూసే రైతునో, చెన్నైలో బిందెతో లైన్లో నిలబడ్డ మనిషినో తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. కాలువ ఆక్రమించేది ఆ గట్ల మధ్య నేలనే. దాని వెనక వచ్చేవే అసలు విస్తరిస్తాయి: గట్టు వెంట బాట, బాట వెంట ట్రాక్టరు, ట్రాక్టరు వెంట కొత్త చేను. 1991 నుంచి 2000 దాకా తీసిన ఉపగ్రహ చిత్రాల్ని పోల్చిచూస్తే, ఈ ప్రాంతంలో పొదల అడవి 11 నుంచి 15 శాతం తగ్గినట్టు తేలింది. పోయిందాంట్లో చాలావరకు సాగులోకి వెళ్లింది. మిగిలింది ముక్కలైంది.

అలాగని మనుషుల్ని, మేకల్ని తరిమేసి కంచె వేస్తే పిట్ట బతుకుతుందా? ఇక్కడే కథ తిరగబడుతుంది. పొదల మధ్య ఆ ఖాళీలు మిగలడానికి మేకల మేత, కట్టెల నరుకుడు కూడా కొంత కారణం కావచ్చని ఆ పరిశోధకులే రాశారు. మేకలు బొత్తిగా రాకపోతే పొదలు కమ్ముకుంటాయి, మితిమీరి వస్తే నేల బోడిదవుతుంది. అంటే కలివికోడి ఇల్లు మనిషి చెయ్యి పడని పురాతన అరణ్యమేమీ కాదు. ఆ చెయ్యి ఎంత బరువుగా పడాలన్నదే చిక్కు, దానికి చట్టం రాయడం అంత తేలిక కాదు. అభయారణ్యం అంటే గేటు, తాళం, నిషేధం అనే పద్ధతికి మనం అలవాటుపడిపోయాం. మేకల కాపరిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఏడు ఏ గట్టున ఎన్ని మేకలు అని లెక్కవేసే పద్ధతి ఎక్కడో గానీ కనబడదు.

బట్టమేక పిట్ట కథా ఇలాగే నడిచింది. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిభూముల్ని ఆ పిట్ట కోసమే అభయారణ్యం చేశారు. దానికి కావలసింది గడ్డి, చుట్టూ మెట్టపైర్లు. గడ్డినేలను కూడా మనం ఏ రోజూ అడవిగా లెక్కపెట్టలేదు.

కలివికోడి గూడును అడవిలో శాస్త్రవేత్తలెవరూ చూసి వర్ణించలేదు. గుడ్డు మాత్రం ఒకటుంది, స్కాట్లాండులో. 1917లో కోలారు ప్రాంతంలో సేకరించిన ఆ గుడ్డు అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో దశాబ్దాలపాటు ఎవరి దృష్టికీ రాకుండా పడి ఉంది. చివరికి డీఎన్ఏ పరీక్షతో అది కలివికోడిదేనని నిర్ధారించారు.

పిట్టను వెతికేవాళ్లకు ఇప్పుడు కళ్లకన్నా చెవులే ఎక్కువ పనికొస్తున్నాయి. సూర్యాస్తమయం తర్వాత సుమారు ముప్పావుగంటకు, చీకటి చిక్కబడే వేళ, అది కాసేపు కూస్తుంది. 2008 ప్రాంతం తర్వాత నమ్మదగిన ఆనవాలు దొరకక, మళ్లీ పోయిందేమో అనుకుంటున్న సమయంలో, 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో ఆ కూతను రికార్డు చేశారు. రెండక్షరాల కూత, వెంటవెంటనే, కొద్ది నిమిషాలపాటు. అది వినిపించాలంటే ఆ కాసేపు పక్కన ట్రాక్టరు నడవకూడదు.