ప్లాస్టిక్ పార్ట్ డిజైన్: రిబ్, డ్రాఫ్ట్, ఫిల్లెట్ మీద అపోహలు - వాస్తవాలు

క్యాడ్‌లో (కంప్యూటర్ మీద డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) మోడల్ ఎర్రర్ లేకుండా వచ్చేసిందంటే పార్ట్ రెడీ అనుకుంటారు చాలామంది, ఇంజెక్షన్ మోల్డింగ్ (కరిగిన ప్లాస్టిక్‌ని మోల్డ్‌లోకి, అంటే అచ్చులోకి, ఒత్తిడితో పంపి పార్ట్ తీయడం) వైపు కొత్తగా వచ్చినవాళ్లైతే మరీను. షెల్ (లోపల తొలిచి పలచని గోడ మిగల్చడం), రిబ్ (గోడకి బిగువు ఇచ్చే సన్నని పట్టీ), బాస్ (స్క్రూ పట్టే బొడిపె), డ్రాఫ్ట్ (పార్ట్ మోల్డ్ నుంచి తేలిగ్గా రావడానికి గోడకి ఇచ్చే వాలు), ఫిల్లెట్ (మూలని గుండ్రం చేయడం), రోజూ వాడేవి ఇవే, అపోహలు కూడా వీటి చుట్టూనే.

అపోహ: పార్ట్ గట్టిగా ఉండాలంటే గోడ మందం పెంచేయాలి.

వాస్తవం: గట్టిపడే మాట నిజమే, కానీ చల్లారే టైమ్ మందం స్క్వేర్ లెక్కన పెరుగుతుంది, 2 మి.మీ. గోడని 4 చేస్తే సుమారు నాలుగు రెట్లు, పైగా మెటీరియల్ ఖర్చు, సింక్ మార్కులు (పైన పడే గుంటలు), లోపల బుడగలు. గోడ అంతటా ఒకే మందం ఉంచి రిబ్స్ పెట్టండి, ఎందుకంటే రిబ్ బిగువు దాని ఎత్తు క్యూబ్ లెక్కన పెరుగుతుంది.

అపోహ: రిబ్ కూడా గోడంత మందం ఉంటేనే బలం.

వాస్తవం: అలా పెడితే రిబ్ గోడని కలిసే చోట ప్లాస్టిక్ పోగుపడి, బయటి ముఖం మీద గుంట కనిపిస్తుంది. గోడలో 50-60 శాతం చాలు, అంటే 2.5 మి.మీ. గోడకి 1.25 నుంచి 1.5. మెరిసే ఫినిష్ అయితే 50 దాటొద్దు. ఎత్తు గోడకి మూడు రెట్ల లోపు. ఇంకా బిగువు కావాలా, పక్కన ఇంకో రిబ్ వేయండి, మధ్యలో కనీసం గోడకి రెండింతల ఖాళీ వదిలి. బాస్‌ని కూడా పక్క గోడకి అతికించేయకుండా కాస్త దూరం జరిపి రిబ్‌తో కలపండి, కారణం అదే.

అపోహ: డ్రాఫ్ట్ చివర్లో ఇచ్చుకోవచ్చు, లేదా మోల్డ్ తయారుచేసే టూల్ రూమ్ వాళ్లే చూసుకుంటారు.

వాస్తవం: నాకు బాగా పట్టింపు ఉన్న పాయింట్ ఇది. 50 మి.మీ. లోతున్న డబ్బాకి 1 డిగ్రీ ఇస్తే ఒక్కో పక్క 0.87 మి.మీ. జరుగుతుంది, రెండు పక్కలా కలిపి 1.7 పైనే, లోపల టైట్‌గా కూర్చోవాల్సిన సర్క్యూట్ బోర్డు ఇక పట్టదు. రిబ్‌కి తర్వాత ఇస్తే మొదలు లావై మళ్లీ సింక్ మార్కే. అందుకే పార్టింగ్ లైన్ (మోల్డ్ రెండు సగాలు కలిసే గీత) ఎక్కడో ముందే తేల్చుకుని, ఫిల్లెట్లకంటే ముందు డ్రాఫ్ట్ ఇవ్వాలి. పైన టెక్స్చర్ (గరుకు నమూనా) ఉంటే దాని లోతు ప్రతి 0.025 మి.మీ.కి ఇంకో 1 నుంచి 1.5 డిగ్రీలు కలపాలి, లేదంటే పార్ట్ బయటికి వచ్చేటప్పుడు గీతలు పడిపోతాయి.

అపోహ: ఫిల్లెట్లు అందం కోసం.

వాస్తవం: పదునైన లోపలి మూల దగ్గరే పార్ట్ పగులుతుంది. లోపలి రేడియస్ కనీసం గోడలో సగం, బయటిది దానికి గోడ మందం కలిపినంత. ఇక్కడ చాలామంది చూసుకోనిది ఒకటుంది: బయట 2 మి.మీ. ఫిల్లెట్ వేసి 2.5 మి.మీ. గోడతో షెల్ చేస్తే లోపల మూల పదునుగానే మిగిలిపోతుంది, స్క్రీన్ మీద బయట నుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, సెక్షన్ వ్యూ (మోడల్‌ని కోసినట్టు చూపేది) తీస్తేనే తెలుస్తుంది.

అపోహ: మెటీరియల్ తర్వాత మార్చుకోవచ్చు, మోల్డ్ అదేగా.

వాస్తవం: చల్లారేటప్పుడు ఏబీఎస్ రకం ప్లాస్టిక్ కుదించుకునేది 0.4-0.7 శాతం, పీపీ (పాలీప్రొపిలీన్) 1-2.5 శాతం. ఏబీఎస్ కోసం చేసిన మోల్డ్‌లో పీపీ పోస్తే 100 మి.మీ. కొలత దాదాపు ఒక మిల్లీమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గుతుంది, స్నాప్ లాకులు (నొక్కితే పట్టుకునే కొక్కేలు) పట్టవు, కాబట్టి మెటీరియల్ తేల్చుకోకుండా మోల్డ్ ఆర్డర్ ఇవ్వకండి.