కార్బన్ ఎలక్ట్రాన్లను ఇవ్వదు, పుచ్చుకోదు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఎనిమిది ఎలక్ట్రాన్లు నింపుకోవాలనే కోరికతో కార్బన్ సమయోజనీయ బంధాలు, అంటే ఎలక్ట్రాన్లను పంచుకునే బంధాలు, ఏర్పరుస్తుందని మీరు రాసిన జవాబుకు మార్కులు పడతాయి గానీ, నాకది సగం జవాబుగానే తోచింది. పరమాణువుకు కోరికలు ఉండవు; ఉన్నదల్లా ఆకర్షణ, వికర్షణ, వాటి వెంట నడిచే శక్తి లెక్క.

కార్బన్ కేంద్రకంలో 6 ప్రోటాన్లు, చుట్టూ 6 ఎలక్ట్రాన్లు. వాటిలో 4 వెలుపలి కర్పరంలో, అంటే కేంద్రకం చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల బయటి వరుసలో, ఉంటాయి; వీటినే వేలెన్సీ ఎలక్ట్రాన్లు అంటారు. ఆ నాలుగింటినీ వదులుకుంటే సరిపోదా అంటారేమో. సోడియం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తీయడానికి మోల్‌కు (అంటే ఒక నిర్ణీత సంఖ్యలో పరమాణువులకు) 496 కిలోజౌళ్లు చాలు. కార్బన్‌కు మొదటిదానికే 1,086 కావాలి. ఒకటి పోయాక మిగిలినవాటిని అవే 6 ప్రోటాన్లు మరింత బిగించి పట్టుకుంటాయి కనుక రెండోదానికి 2,353, మూడోదానికి 4,620, నాలుగోదానికి 6,223 అవుతూ మొత్తం 14,000 దాటిపోతుంది. మామూలు రసాయన చర్యలో అంత ఖర్చు తిరిగి రాదు.

పోనీ, నాలుగు పుచ్చుకుంటే? మొదటిది చేరగానే పరమాణువుకు ఋణావేశం వస్తుంది, ఆపై వచ్చే ప్రతి ఎలక్ట్రాన్‌నూ అది నెట్టివేస్తుంది.

ఇక మిగిలింది పంచుకోవడం. రెండు కేంద్రకాల నడుమ చేరిన ఎలక్ట్రాన్ జంటను రెండూ తమవైపు లాగుతాయి. ఆ లాగుడు వల్లనే శక్తి తగ్గి, పరమాణువులు విడిపోకుండా నిలుస్తాయి. బంధమంటే ఎలక్ట్రాన్ జంట అని 1916లో అమెరికా రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయీస్ ప్రతిపాదించేనాటికి దాన్ని వివరించగల క్వాంటం యాంత్రిక శాస్త్రం ఇంకా రూపు దిద్దుకోలేదంటే, ఆయన ఊహకు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మీథేన్‌లో అటువంటి జంటలు నాలుగు. ఒక్కొక్క బంధాన్ని తెంచడానికి సగటున మోల్‌కు 415 కిలోజౌళ్లు పడుతుంది.

నాలుగు వేలెన్సీ ఎలక్ట్రాన్లు సిలికాన్‌కూ ఉన్నాయి. అయితే కార్బన్ పరమాణువు చిన్నది, పంచుకున్న జంట కేంద్రకాలకు బాగా దగ్గరగా ఉంటుంది. అందువల్ల కార్బన్-కార్బన్ బంధం మోల్‌కు సుమారు 347 కిలోజౌళ్ల బలంతో, సిలికాన్-సిలికాన్ బంధం కంటే ఎంతో గట్టిగా ఉండి, పొడవాటి గొలుసులకు ఆధారమవుతుంది.

ఈ ఉత్తరం పెన్సిల్‌తో రాశాను, గీతను వేలితో రుద్ది చూడండి. గ్రాఫైట్ పొరలో ప్రతి కార్బన్ మూడింటితో గట్టిగా కలిసి ఉంటుంది. పొరకూ పొరకూ మధ్య మాత్రం ఆ జంటలు లేవు, ఉన్నది బలహీనమైన ఆకర్షణే. మీ వేలికి అంటిన నలుపు అలా ఊడివచ్చిన పొరలదే.

ఇట్లు,
మీ తాతయ్య