2 శాతం లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

కంటెంట్ రైటింగ్ చేసేవాళ్లకు ఆర్డర్‌తో పాటు ఒక షరతు తరచూ వస్తుంటుంది: వెయ్యి పదాలు, కీవర్డ్ డెన్సిటీ (జనం గూగుల్‌లో వెతికే మాట వ్యాసంలో ఎంత శాతం ఉందన్న లెక్క) 2 శాతం. అంటే 'బెస్ట్ బిర్యానీ హైదరాబాద్' అన్న మాట ఆ వ్యాసంలో 20 సార్లు కనిపించాలి. ఇంత శాతం ఉండాలని గూగుల్ ఎప్పుడూ చెప్పలేదు. మరి ఈ లెక్క ఎలా పుట్టింది?

మూలం వెబ్ కంటే చాలా పాతది. 1957లో ఐబీఎంలో పనిచేస్తున్న హాన్స్ పీటర్ లూన్, ఒక వ్యాసంలో ఏ మాట ఎక్కువసార్లు వస్తుందో చూసి దాని విషయాన్ని యంత్రం చేత గుర్తింపజేయవచ్చని ప్రతిపాదించాడు. సైన్స్ వ్యాసాలకు అది బాగానే సరిపోయింది. యంత్రాన్ని బోల్తా కొట్టించాలని అప్పట్లో ఎవరూ రాయలేదు కదా! 1972లో కేంబ్రిడ్జ్‌లో కరెన్ స్పార్క్ జోన్స్ దానికి రెండో సగం చేర్చింది. అన్ని పత్రాల్లోనూ కనిపించే మాటకు విలువ తక్కువ, కొన్నిట్లోనే కనిపించే మాటకు ఎక్కువ. కాబట్టి ఒక మాట బరువు తేల్చాలంటే మిగతా పత్రాలన్నీ కూడా చూడాలి. కీవర్డ్ డెన్సిటీ ఆ సగాన్ని వదిలేసి, ఒక్క పేజీలో లెక్కపెట్టడం దగ్గరే ఆగిపోయింది. నా దృష్టిలో అసలు లోపం ఇదే.

1995 చివర్లో ఆల్టావిస్టా అనే సెర్చ్ ఇంజిన్ వచ్చేనాటికి సెర్చ్ ఇంజిన్లు ప్రధానంగా పేజీలోని మాటల మీదే ఆధారపడేవి. దాంతో తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలతో వందల కీవర్డులు దాచడం, మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ను (పేజీ కోడ్‌లో పాఠకుడికి కనిపించకుండా కీవర్డులు రాసే చోటు) సంచిలా నింపడం మామూలైంది. ఆ ట్యాగ్‌ను వెబ్ ర్యాంకింగ్‌లో వాడడం లేదని గూగుల్ 2009లో బాహాటంగానే చెప్పింది.

విచిత్రమేమిటంటే, 1998లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ గూగుల్ గురించి రాసిన పరిశోధన పత్రంలోనే జవాబు ఉంది. మాట పునరావృతమైనకొద్దీ బరువు మొదట పెరుగుతుందనీ, ఒక సంఖ్య దాటాక ఇక లాభం ఉండదనీ అందులో రాశారు. అంటే డెన్సిటీ పిచ్చి ముదిరే నాటికే దాని విరుగుడు అచ్చయి ఉంది. ఆ తర్వాత గూగుల్ ర్యాంకింగ్ పద్ధతిలో మార్పులుగా 2011లో పాండా, 2012లో పెంగ్విన్ అప్‌డేట్లు వచ్చాయి. కీవర్డులు కూరిన పేజీలను కిందికి నెట్టడం పెంగ్విన్ లక్ష్యాల్లో ఒకటి. 2019 డిసెంబర్‌లో గూగుల్ బెర్ట్ భాషా మోడల్ తెలుగు సహా 70కి పైగా భాషల సెర్చ్‌లోకి వచ్చింది. వాక్యంలో మాటల మధ్య సంబంధాన్ని పట్టుకోవడమే దాని పని.

అయినా శాతం చావలేదు. కారణం సాంకేతికం కాదని నా అనుమానం. వ్యాసం బాగుందో లేదో తేల్చడానికి చదవాలి, శాతాన్నయితే టూల్ చెప్పేస్తుంది. పని ఇచ్చేవాడికీ, బిల్లు పాస్ చేసేవాడికీ అదే తేలిక. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్‌లో, వ్యాసం సెర్చ్‌కు తగినట్టుందో లేదో చూడడానికి చాలామంది వాడే యోస్ట్ ప్లగిన్ కూడా 0.5 నుంచి 3 శాతం మధ్య ఉంటేనే పచ్చ చుక్క చూపిస్తుంది.

తెలుగులో రాసేవాళ్లకు అదనపు తలనొప్పి ఒకటుంది. అచ్చుగుద్దినట్టు అదే రూపాన్ని వెతికే టూల్‌కు 'బిర్యానీకి', 'బిర్యానీలో', 'బిర్యానీతో' వేర్వేరు మాటలు. సహజంగా రాస్తే లెక్క తగ్గుతుంది. అందుకే విభక్తులు ఊడగొట్టి, 'మీకు బెస్ట్ బిర్యానీ హైదరాబాద్ కావాలంటే' లాంటి వాక్యాలు రాసి అంకె నింపుతున్నారు.