స్కాచ్ విస్కీ: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో హోటల్ బార్ సిబ్బందికి విస్కీ రుచి చూడటం నేర్పడం నా వృత్తి. తరగతి మొదలై పది నిమిషాలైనా కాకముందే ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: "పన్నెండేళ్లది మంచిదా, పద్దెనిమిదేళ్లది మంచిదా సార్?" వయసుతోపాటు రుచీ పెరుగుతుందన్నది అన్నిటికన్నా లోతుగా పాతుకుపోయిన అపోహ.

స్కాచ్ అనిపించుకోవాలంటే విస్కీ స్కాట్లండ్‌లోనే, 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో, కనీసం 3 ఏళ్లు నిల్వ ఉండాలన్నదే చట్టం విధించిన షరతు. సీసా మీది అంకె అందులో కలిసిన విస్కీలన్నిటిలో చిన్నదాని వయసును చెబుతుంది గాని, అది ఎలాంటి పీపాలో ఉండి వచ్చిందో చెప్పదు. రుచిలో పెద్ద వాటా మాత్రం ఆ పీపాదే. అమెరికా విస్కీ అయిన బోర్బన్‌కు లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలే వాడాలని అమెరికా చట్టం చెబుతుంది కనుక, అక్కడ ఒకసారి వాడిన పీపాలు స్కాట్లండ్ చేరి విస్కీకి వెనిలా, కొబ్బరి ఛాయలను ఇస్తాయి. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాలోనైతే కిస్‌మిస్, ఎండు ఖర్జూరం తోస్తాయి. పలుమార్లు వాడి సారం ఉడిగిన పీపాలో ఇరవై ఏళ్లున్నా ఒరిగేది తక్కువే. సారమున్న పీపాలో మరీ ఎక్కువ కాలం ఉంచితే చెక్క వగరు మిగతా రుచులను మింగేస్తుంది. ఇక సీసాలోకి చేరాక వయసు పెరగడం ఆగిపోతుంది కాబట్టి, తాతగారు బీరువాలో ముప్పై ఏళ్లు దాచిన పన్నెండేళ్ల సీసా నేటికీ పన్నెండేళ్లదే.

స్కాచ్ అంటేనే పొగ వాసన అనేవారికి నేను స్కాట్లండ్‌లోని ఐలా ద్వీపానికే చెందిన రెండు విస్కీలను పక్కపక్కన పోసి ఇస్తాను. లఫ్రాయిగ్ పదేళ్లదానిలో టింక్చర్ అయోడిన్ ఘాటు, దాని వెనుకే పిడకల దాలి మీద కాగిన పాల పొగచూరు వాసన వస్తాయి. బున్నహావెన్ పన్నెండేళ్లదానిలో ఆ జాడే ఉండదు. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు, చిత్తడి నేలల్లో తవ్వి తీసిన పీట్ అనే కుళ్లిన మొక్కల మట్టిని మండించి ఆ పొగ పట్టించారా లేదా అన్నదే తేడా.

ముదురు రంగును చూసి పాతదని పొరబడకూడదు, రంగు కోసం సాదా కారమెల్ (మాడ్చిన చక్కెర) కలపడానికి నిబంధనలే అనుమతిస్తాయి.

మన దేశంలో సీసాలకెత్తినది అసలు స్కాచ్ కాదన్నది మరో మాట. ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసే సింగిల్ మాల్ట్‌ను 2012 నుంచి స్కాట్లండ్‌లోనే సీసాలకెత్తాలి గాని, మాల్ట్, ఇతర ధాన్యాల విస్కీలను కలిపి చేసే బ్లెండెడ్ స్కాచ్‌ను పెద్దమొత్తంలో తెప్పించుకొని ఇక్కడ నింపడానికి ఆంక్ష లేదు. చెరకు మొలాసిస్ స్పిరిట్‌తో చేసే మన చౌక విస్కీల సంగతి పూర్తిగా వేరు.

నీళ్లు కలిపితే పాడవుతుందనే పెద్దమనుషులూ ఉన్నారు. కొన్ని చుక్కలు వేసి గ్లాసును ముక్కు దగ్గరకు తెచ్చుకుంటే, స్పిరిట్ ఘాటు తగ్గి, అంతవరకు దాని చాటునున్న పరిమళాలు ముందుకు వస్తాయి. ఐస్ ముక్కలు అందుకు విరుద్ధంగా పనిచేసి వాటిని అణచివేస్తాయి. మండుటెండల మే నెలలో మాత్రం నేనెవరినీ వారించను.