వేలిముద్ర దగ్గర పడిన ముడి: అమెరికా లోకల్ పోలీసు, వలస చట్టం

అమెరికాలో ఎవరినైనా అరెస్టు చేసి కౌంటీ (మన జిల్లా లాంటిది) జైలుకు తెస్తే ముందు జరిగేది బుకింగ్. పేరు, పుట్టినతేదీ రాసుకుంటారు. ఫొటో తీస్తారు. పది వేళ్లూ గాజు పలక మీద ఆనించమంటారు. ఆ ముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కడి నుంచి హోంలాండ్ సెక్యూరిటీ శాఖకు వెళ్తాయి. వీసా కోసం హైదరాబాద్‌లో మనం ఇచ్చిన ముద్రలు ఉండేదీ ఆ శాఖ దగ్గరే. ‘ఇది శాంక్చువరీ సిటీ, ఇక్కడి పోలీసులు ఐసీఈకి చెప్పరులే’ అని ధీమాగా ఉండేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఐసీఈ అంటే ఆ శాఖలోనే వలసదారులను పట్టుకునే విభాగం, శాంక్చువరీ సిటీ అంటే ఆ పనికి సహకరించని నగరం. పోలీసులు నోరు విప్పి చెప్పాల్సిన పని లేకుండా పోయి చాలా ఏళ్లయింది.

వలస వ్యవహారం రాష్ట్రాల పని కాదని అమెరికా సుప్రీంకోర్టు 1876లోనే తేల్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో ఓడ దిగబోయిన చైనా మహిళలను కాలిఫోర్నియా అధికారి బాండు కట్టమని ఆపేసిన కేసు అది. ఇంకో చిక్కు కూడా ఉంది. సరిహద్దు దొంగతనంగా దాటడం నేరం. వీసా గడువు తీరాక ఉండిపోవడం మాత్రం సివిల్ ఉల్లంఘన. లోకల్ పోలీసు నేరాలు చూసుకుంటాడు కానీ ఈ రెండోదాంతో అతనికేం పని?

పని లేదనే 1979లో లాస్ ఏంజెలిస్ పోలీస్ చీఫ్ డారిల్ గేట్స్ స్పెషల్ ఆర్డర్ 40 తెచ్చారు. వలస స్టేటస్, అంటే దేశంలో ఉండే హక్కు ఉందో లేదో, కనిపెట్టడమే లక్ష్యంగా ఎవరి జోలికీ వెళ్లొద్దన్నది దాని సారం. గేట్స్ మెతక మనిషని ఎవరూ అనరు. పట్టుకుని పంపించేస్తారన్న భయం ఉన్నచోట దోపిడీ జరిగినా ఫిర్యాదుకు ఎవరూ రారన్నది పోలీసు లెక్క.

1996లో క్లింటన్ సంతకం చేసిన చట్టం ఈ గీతను చెరిపింది. దానితో వచ్చిన సెక్షన్ 287(జి) ప్రకారం ఫెడరల్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, శిక్షణ తీసుకుంటే లోకల్ పోలీసు కూడా వలస అధికారి పని చేయొచ్చు. ఆరేళ్లపాటు ఒక్క ఒప్పందమూ కుదరలేదు. ఈలోగా 1997లో సుప్రీంకోర్టు మరో తీర్పు ఇచ్చింది. తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాలు ఆరా తీయమని వాషింగ్టన్ తనకు ఆజ్ఞాపించడమేమిటని మోంటానా షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) ఒకాయన వేసిన కేసు అది. ఫెడరల్ పనిని రాష్ట్రాల నెత్తిన రుద్దకూడదని కోర్టు ఆయన పక్షాన నిలిచింది. వలస పని కూడా ఫెడరల్ పనే కాబట్టి, తుపాకుల కోసం గెలిచిన ఆ కేసే ఇవాళ శాంక్చువరీ నగరాలకు కవచం. చరిత్రకు ఇలాంటి చమత్కారాలు భలే ఇష్టం.

సెప్టెంబర్ 11 దాడులతో గాలి మారింది. 2002లో ఫ్లోరిడా తొలి ఒప్పందం చేసుకుంది. 2007లో అరిజోనాలోని మారికోపా కౌంటీ షెరీఫ్ జో అర్పాయో తన సిబ్బందిలో దాదాపు 160 మందికి ఆ శిక్షణ ఇప్పించి, వాళ్లలో చాలామందిని రోడ్ల మీదికి వదిలారు. ఆ ఏడాదే ఆయన మనుషులు ఒక కారును ఆపి, అందులో ఉన్న మెక్సికో పర్యాటకుణ్ని గంటల తరబడి నిర్బంధించారు. ఆయన దగ్గర చెల్లుబాటయ్యే వీసా ఉంది. ఆయన వేసిన కేసులోనే 2013లో జడ్జి ముర్రే స్నో ఆ సోదాలు ఒంటి రంగు చూసి చేసినవని తీర్పిచ్చారు. అంతకుముందే 2011లో ఆపమని ఆయన ఇచ్చిన ఆదేశాన్ని అర్పాయో లెక్కచేయలేదు. కోర్టు ధిక్కారం కింద 2017లో దోషిగా తేలితే ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు.

వార్తల్లో అర్పాయో ఉంటే, అసలు మార్పు 2008లో సడీచప్పుడు లేకుండా వచ్చింది. దాని పేరు సెక్యూర్ కమ్యూనిటీస్. టెక్సాస్‌లోని హారిస్ కౌంటీతో, అంటే హ్యూస్టన్‌తో మొదలైంది. నేర చరిత్ర కోసం ఎఫ్‌బీఐకి ఎలాగూ పంపే ముద్రలే వలస డేటాబేస్‌కూ వెళ్తాయి, అంతే. ఇష్టమైతేనే చేరండని మొదట రాష్ట్రాలతో ఒప్పందాలు రాసుకున్నారు. 2011లో ఇల్లినాయ్, న్యూయార్క్ బయటికొస్తామంటే, మసాచుసెట్స్ అసలు చేరనంటే, రెండు ఫెడరల్ శాఖల మధ్య వ్యవహారానికి మీ సంతకం అక్కర్లేదంటూ ఆ ఒప్పందాలనే రద్దు చేశారు. 2013 నాటికి దేశమంతా పాకింది. 2014లో ఒబామా దాని పేరు మార్చారు, 2017లో ట్రంప్ పాత పేరు మళ్లీ తెచ్చారు. ముద్రల ప్రవాహం మాత్రం ఆగలేదు.

ఇక నగరాలకు మిగిలిన పట్టు డిటైనర్ ఒక్కటే. విడుదల కావాల్సిన మనిషిని మరో 48 గంటలు ఉంచమని ఐసీఈ పంపే కాగితమది. దాన్ని నమ్ముకుని ఒక మహిళను ఆపి ఉంచినందుకు 2014లో ఒరెగాన్‌లోని క్లాకమస్ కౌంటీది రాజ్యాంగ ఉల్లంఘనేనని ఫెడరల్ కోర్టు తేల్చింది. దాంతో చాలా కౌంటీలు ఆ కాగితాన్ని పక్కన పెట్టడం మొదలుపెట్టాయి. కాలిఫోర్నియా 2017లో పోలీసు సహకారానికి కళ్లెం వేస్తూ చట్టమే చేసింది. అదే ఏడాది టెక్సాస్ డిటైనర్లు పాటించి తీరాలంది.

మన ఇళ్లకు ఈ సెగ 2025 ఏప్రిల్‌లో గట్టిగా తాకింది. విదేశీ విద్యార్థుల పేర్లను పోలీసు రికార్డులతో పోల్చి వేలమంది సెవిస్ ఖాతాలను (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డులను) ఐసీఈ రద్దు చేసింది. వాళ్లలో భారతీయులు ఎక్కువే. ఎప్పుడో కొట్టేసిన కేసులు, ట్రాఫిక్ ఉల్లంఘనలు కూడా అందులో తేలాయి. కోర్టులు వరసగా స్టేలు ఇచ్చాకే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అంతకుముందు జనవరిలో వచ్చిన లేకెన్ రైలీ చట్టం ప్రకారం, స్టేటస్ లేనివాళ్లు షాపులో వస్తువు దొంగిలించారని అరెస్టయితే చాలు, నేరం రుజువు కాకుండానే నిర్బంధం తప్పదు.

2025 జనవరిలో 287(జి) ఒప్పందాలు 135. సెప్టెంబర్‌కల్లా వెయ్యి దాటాయి. ఒబామా హయాంలో ఆపేసిన రోడ్డు గస్తీ పద్ధతి కూడా తిరిగొచ్చింది. అదే ఏడాది టెక్సాస్ చేసిన చట్టం ప్రకారం జైలు నడిపే ప్రతి షెరీఫూ 2026 డిసెంబర్ 1 లోపు ఏదో ఒక ఒప్పందం కుదుర్చుకోవాలి. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో మనవాళ్లున్న కాలిన్, డెంటన్, డాలస్ కౌంటీలూ ఇందులోకే వస్తాయి. జైలు లోపల ఆరా తీసే రకం ఎంచుకుంటారా, రోడ్డు మీద కారు ఆపి అడిగే రకమా అన్నది షెరీఫ్ చేతిలోనే ఉంది.